సందు చుక్క లెక్క

8 + 4 = □ + 5. ఖాళీ గడిలో ఏ అంకె రావాలి? ఇంట్లో నాలుగో, ఐదో తరగతి చదివే పిల్లలుంటే ఒకసారి అడిగి చూడండి. తడుముకోకుండా 12 అనేవాళ్లే ఎక్కువ. చివరన ఉన్న 5 ఊరికే ఎందుకుంటుందని అనుమానం వచ్చినవాళ్లు దాన్నీ కలిపేసి 17 అంటారు. 7 అనే జవాబు అరుదుగా వినపడుతుంది. మన బడుల తీరే ఇంత అని నిట్టూర్చే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో కొందరు పరిశోధకులు ఇదే లెక్కను ఆరో తరగతి పిల్లలు 145 మందికి ఇచ్చి, 1999లో ఫలితం ప్రకటించారు. అందరూ 12 అనో 17 అనో రాశారు. 7 రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ పిల్లలందరికీ కూడిక వచ్చు. చిక్కంతా మధ్యనున్న ఆ రెండు గీతల దగ్గరే. బడిలో చేరిన నాటి నుంచి వాళ్లు ఆ గుర్తును చూసింది ఒకే చోట, లెక్క అయిపోయాక, జవాబుకు ముందు. కాబట్టి వాళ్ల దృష్టిలో అది ‘ఇక జవాబు రాయి’ అనే హుకుం. 1557లో ఆ గుర్తును తొలిసారి అచ్చులోకి తెచ్చిన వేల్స్ వైద్యుడు రాబర్ట్ రికార్డ్ మాత్రం వేరే ఉద్దేశంతో గీశాడు. పక్కపక్కన సమాంతరంగా సాగే రెండు గీతలంత సమానమైనవి లోకంలో ఇంకేమున్నాయన్నది ఆయన లెక్క. అటున్నదీ ఇటున్నదీ ఒకే విలువ అని చెప్పడానికి పుట్టిన గుర్తును మనం ఐదేళ్ల పాటు జవాబుకు దారి చూపే బాణంగా వాడుతున్నాం. ఆరో తరగతిలో ఒక్కసారిగా బీజగణిత పరిచయం అనే పాఠం వస్తుంది. అగ్గిపుల్లల బొమ్మలు, వాటి కింద ఒక అక్షరం, దాని పేరు చరరాశి. ఏడో తరగతికి సమీకరణాలు. అంతదాకా బాగానే లెక్కలు చేసిన పిల్ల ఉన్నట్టుండి ‘నాకు లెక్కలు రావు’ అనడం మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే.

ఈ మాట ఏ ఊళ్లోనైనా వినపడేదే. పాలమూరులో వినపడితే బరువు ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అట్టడుగు. ఆ ఒక్క పాలమూరు ఇప్పుడు మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, నారాయణపేటగా ఐదు జిల్లాలైంది. బొంబాయికీ పుణెకూ కూలికి పోయి వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు, ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి తరం పిల్లలు ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఇప్పటికీ ఎంతోమంది. ఇంటి దగ్గర లెక్కలు చెప్పేవాళ్లు లేరండీ అన్నది ఉపాధ్యాయుల నోట తరచూ వచ్చే మాట. నిజమే. కాని వాకిట్లో లెక్క లేదని మాత్రం అనలేం.

సంక్రాంతి నెలలో ఏ ఊరి వీధిలోనైనా పొద్దున్నే నడిచి చూడండి. సాన్పి చల్లిన వాకిట్లో ముందు చుక్కలు పడతాయి. ‘ఏడు చుక్కలు, నాలుగు దాక, సందు చుక్క’ అని అక్క చెబితే చెల్లెలు పెడుతుంది. ముగ్గుల పుస్తకాలన్నీ రాసేది కూడా ఈ పద్ధతిలోనే. మధ్య వరసలో 7 చుక్కలు; దాని పైనా కిందా 6; తర్వాత 5; తర్వాత 4; అక్కడితో ఆపు. సందు చుక్క అంటే, పై వరసలోని చుక్క కింది వరసలోని రెండు చుక్కల సందున పడుతుంది. చుక్క మీద చుక్క నిలువుగా పడితే సరి చుక్క. అందులో 7, 5, 3, 1 అంటూ రెండేసి తగ్గుతాయి. ఇంత పెద్ద బొమ్మను ఇంత చిన్న మాటలో చెప్పేయడమే ఒక విశేషం. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది దాక, సందు చుక్క’ అంటే చాలు, మొత్తం అమరిక కళ్ల ముందు నిలుస్తుంది. ఒక్క చుక్కను కూడా విడిగా చెప్పనక్కర్లేదు. నియమం చెబితే బొమ్మంతా వచ్చేస్తుంది.

ఇప్పుడు ఆ ఏడు చుక్కల ముగ్గును బడిలోకి తీసుకుపోదాం. మొత్తం ఎన్ని చుక్కలు? వరసలవారీగా కూడితే 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. ఇంకొకలా చూసే పిల్ల కూడా ఉంటుంది. నట్టనడుమ ఒక చుక్క. దాని చుట్టూ 6 చుక్కల ఆరు మూలల గూడు. దాని చుట్టూ 12. దాని చుట్టూ 18. ఒకటీ ఆరూ పన్నెండూ పద్దెనిమిదీ కలిస్తే మళ్లీ 37. ఇద్దరు పిల్లలు ఒకే ముగ్గును రెండు తీర్లుగా లెక్కపెట్టారు. ఇప్పుడు బోర్డు మీద ఎడమ పక్క ఒకరి లెక్క, కుడి పక్క ఇంకొకరి లెక్క రాసి, మధ్యన ఆ రెండు గీతలు గీస్తే, అవి ఎందుకున్నాయో వేరే వివరించనక్కర్లేదు. చుక్కలు అవే, చూపే వేరు. ఎడమ వైపున జవాబు లేదు, కుడి వైపునా లేదు, అయినా రెండూ సమానం.

ఇంకాస్త ముందుకు పోవచ్చు. చిన్న ముగ్గు నుంచి మొదలుపెడితే సందు చుక్కల మొత్తాలు ఇలా వస్తాయి: ఒక చుక్కకు 1, మూడు నుంచి రెండు దాక 7, అయిదు నుంచి మూడు దాక 19, ఏడు నుంచి నాలుగు దాక 37. పెరుగుదల 6, 12, 18. అంటే ఆరో ఎక్కం. పదిహేను చుక్కల ముగ్గుకు మధ్య చుక్క చుట్టూ ఏడు గూళ్లు. 1 నుంచి 7 దాకా కలిపితే 28. దానికి ఆరు రెట్లు 168. నడిమి చుక్కతో 169. పిండి తీయకుండానే చెప్పేయవచ్చు. సరి చుక్కల మొత్తాలు మరో దారిలో పోతాయి: 1, 5, 13, 25. తల కాస్త పక్కకు వంచి చూస్తే, ఏడు సరి చుక్కల ముగ్గులో నాలుగేసి చుక్కల ఏటవాలు వరసలు నాలుగు, వాటి మధ్యన మూడేసి చుక్కల వరసలు మూడు కనిపిస్తాయి. 16, 9 కలిపి 25. అదే పదిహేను చుక్కలైతే 64, 49 కలిపి 113.

సందు చుక్కల్లో అన్నిటికంటే ఇంపైన సంగతి చివరికి ఉంచాను. ఆ మొత్తాలను వరసగా కలుపుతూ పొండి. 1. ఒకటీ ఏడూ 8. దానికి పంతొమ్మిది కలిపితే 27. దానికి ముప్పై ఏడు కలిపితే 64. ఒకటి, రెండు, మూడు, నాలుగు ఘనాలు! నేల మీద పరిచిన చుక్కలు పేర్చిన ఇటికల దిమ్మెగా ఎలా లేచాయి? ఘనాన్ని ఒక మూల నుంచి చూస్తే ఆరు మూలల బొమ్మగా కనపడుతుందని ఎవరైనా పిల్ల పట్టేస్తే, ఆ రోజు పాఠం అక్కడితో ఆపేసినా నష్టం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి పుస్తకం ‘గణిత ప్రకాశ్’ మొదటి అధ్యాయమే గణితంలో అమరికల గురించి. అందులో 1, 7, 19, 37 వరస ఉంది. వాటిని కలుపుతూ పోతే ఏం వస్తుందన్న ప్రశ్న కూడా ఉంది. పాలమూరు వాకిట్లోని చుక్కలు ఢిల్లీ పుస్తకంలోకి చేరాయి. వాటికి మన పిల్ల పాత చుట్టమని చెప్పేవాళ్లే కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. మన సంప్రదాయంలోనే అంతా ఉంది, ముగ్గు వేసే ప్రతి అమ్మా గణిత మేధావే అని చప్పట్లు కొట్టుకుని ఇంటికి పోవడం తేలిక. దానివల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కాయలు, చిరుతిళ్లు అమ్ముకునే అయిదుగురు పిల్లలను పరిశోధకులు గమనించి, 1985లో ఫలితం ప్రకటించారు. బేరం దగ్గర వాళ్ల లెక్క నూటికి 98 పాళ్లు సరిపోయింది. అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇస్తే 37కు పడిపోయింది. ఒక కుర్రాడికి పది కొబ్బరికాయల ధర చెప్పాల్సి వచ్చింది. ఒక్కోటి 35. చివరన సున్నా పెట్టే బడి పద్ధతి జోలికి అతను పోలేదు. మూడు కాయలకు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఆపైన ఒకటి, 350 అన్నాడు. ఆ పదిని మూడు మూళ్లు, ఒకటిగా విడగొట్టిన తెలివి బీజగణితానికి దగ్గరి చుట్టమే. ఆ సంగతి బడికీ తెలియలేదు, అతనికీ తెలియలేదు.

మన దేశంలోనూ అంతే. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద జరిపిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బజారు పిల్లలు నోటి లెక్కల్లో దిట్టలు. బడి తరహా లెక్క ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకు కాగితం మీద కొంత వచ్చినా, బజారు లెక్క దగ్గర చేతులెత్తేశారు. వాకిలి నుంచి బడికి, బడి నుంచి బజారుకు తెలివి తనంతట తాను నడిచి పోదు. చేయి పట్టుకుని దాటించే మనిషి ఒకరు కావాలి. పదిహేను చుక్కల ముగ్గును తప్పు లేకుండా వేసే అమ్మాయి చేతిలో నియమం ఉంది. ఆ నియమాన్ని మాటగా పెట్టమని ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇరవై ఒక్క చుక్కలైతే ఎన్ని, వేయకుండా చెప్పగలవా అని అడిగిన క్షణం నుంచే అది గణితమవుతుంది. ముగ్గుల పోటీ పెట్టి మొదటి బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చి పంపడం మన బడుల్లో ఏటా జరిగేదే. ఆ గిన్నెతో పాటు ఒక ప్రశ్న కూడా ఇవ్వవచ్చు.

మగ్గాల ముచ్చట కూడా ఇలాంటిదే. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నారాయణపేట చీరకు గళ్లు అందం. పడుగులో రంగు పోగులు ఏ వరసలో వస్తాయో, పేకలో ఏ వరసలో వస్తాయో తెలిస్తే, మొత్తం చీరలో ఏ గడి ఎక్కడ పడుతుందో నేయకముందే తెలుస్తుంది. నల్లగొండ వైపు పోచంపల్లి, పుట్టపాకల్లో పని ఇంకా కష్టం. అక్కడ నేతకు ముందే పోగులను కట్టి రంగులద్దుతారు. మగ్గం మీద పడకముందే పూవు ఎక్కడ విచ్చుకోవాలో పోగుకు తెలిసి ఉండాలి. ఆ పోగులను వరసగా పేర్చే ఆసు పోయడంలో ఒక్క చీరకు చేయి కొన్ని వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పనికి యంత్రం కట్టిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసినవాడు. 1999లో యంత్రం పనిచేసింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతి కదలికలో మళ్లీ మళ్లీ వచ్చేది ఏదో, ప్రతి చుట్టుకూ మారేది ఏదో విడదీసి చూడగలిగితేనే యంత్రం సాధ్యం. మారేదాన్నీ మారనిదాన్నీ వేరు చేయడం నేర్పాల్సిన పాఠం బడిలో మొదలయ్యే తరగతి, ఆయన బడి వదిలిన తరగతి ఒకటే. ఆ లోటును ఆయన సొంతంగా పూడ్చుకున్నాడు. అందరూ పూడ్చుకోలేరు.

ప్రాథమిక తరగతుల్లో బీజగణితం అనగానే ఒకటో తరగతి పిల్లాడి పలక మీద ఎక్స్, వై రాయించడమని భయపడేవాళ్లున్నారు. అక్షరాలు చివరికి వస్తే చాలు. లోకంలో కూడా అవి చివరికే వచ్చాయి. తెలియని రాశులకూ తెలిసిన రాశులకూ ఒక పద్ధతిగా అక్షరాలు వాడింది ఫ్రాన్స్ దేశపు వియెట్, 1591లో. అంతకు ముందు వందల ఏళ్లు మనుషులు ఈ లెక్కలను ఎక్కువగా మాటల్లోనే నడిపించారు. మన దగ్గర పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే లెక్కల పుస్తకం కూడా తెలుగులో నడిచింది. కాబట్టి పిల్లలు కూడా ముందు మాటల్లో నడవవచ్చు. అగ్గిపుల్లలతో గళ్లు పేర్చమంటే మొదటి గడికి నాలుగు పుల్లలు, రెండు గళ్లకు ఏడు, మూడింటికి పది. ‘మొదటిదానికి నాలుగు, ఇగ తర్వాత ఎన్ని గళ్లున్నా ఒక్కోదానికి మూడు చాలు సార్’ అని రెండో తరగతి పిల్ల చెబితే అది పూర్తి నియమమే. దాన్ని అక్షరాల్లో పెట్టే పని ఇంకో నాలుగేళ్లు ఆగినా మునిగేదేం లేదు.

ఊళ్లో పిల్లలు ఒకరినొకరు బోల్తా కొట్టించే ఆట ఒకటుంది. ‘మనసుల ఒక అంకె అనుకో. అంతకు అంతే కలుపు. నేనొక పది ఇస్తున్న, అది గూడ కలుపు. అండ్ల సగం దానం చెయ్. మొదలు అనుకున్నది తీసెయ్. నీ దగ్గర అయిదున్నయి!’ ఎదుటివాడు నోరు తెరుస్తాడు. బడిలో దీన్ని ఆటగా వదిలేయకుండా రెండు అగ్గిపెట్టెలు, పది చింతగింజలు తెచ్చి బల్ల మీద పెడితే గుట్టు విడిపోతుంది. నువ్వు అనుకున్నది ఈ పెట్టెలో ఉంది. ఎంతో నాకు తెలియదు. అంతే ఇంకోటి కలిపావు, ఇంకో పెట్టె. పది గింజలు. సగమంటే ఒక పెట్టె, అయిదు గింజలు. మొదట అనుకున్నది తీసేయ్, పెట్టె పోయింది. పెట్టెను ఒక్కసారి కూడా తెరవలేదు. లోపల ఎన్నున్నా ఒకటే. ‘మరి పది బదులు పన్నెండు ఇస్తే?’ అని అడిగే పిల్ల తప్పకుండా ఒకరుంటారు. ఆ పిల్లకు సమాధానం చెప్పకుండా ఉండటమే మంచి ఉపాధ్యాయుని పని. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు మూడో తరగతి పిల్లలతో పరిశోధకులు డేవిడ్ కరాహర్, అనలూసియా ష్లీమన్ మిఠాయి డబ్బాలు పెట్టి చేయించింది దాదాపు ఇదే. జాన్ దగ్గర ఒక డబ్బా, మేరీ దగ్గర అంతే ఉన్న డబ్బా, పైన మూడు మిఠాయిలు. డబ్బాలో ఎన్నున్నాయో తెలియకపోయినా మేరీ దగ్గర ఎప్పుడూ మూడు ఎక్కువే అన్న మాటకు పిల్లలు చేరారు. రెసిఫే వీధుల్లో పిల్లల లెక్కలు విన్నవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు; ఆ అనుభవమే వాళ్లను ఇక్కడికి నడిపించిందని అనుకోవచ్చు.

అభ్యంతరం వినపడుతూనే ఉంది. కూడికలు, తీసివేతలే రానివాళ్లకు ఇవన్నీ ఎప్పుడు చెప్పాలి? ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు, పైన రికార్డులు, ఫోన్లో నింపాల్సిన వివరాలు. 2022 ఆగస్టులో తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రాని పిల్లలను ముందు గట్టెక్కించడానికే. ఆ పని తప్పనిసరి. దాని మీద ఇంకో పాఠం బరువు మోపమని ఇక్కడ అడగడం లేదు. చెప్పే కూడికనే కొంచెం మెలితిప్పి చెప్పమని మనవి. 48 + 27 ఎంత అని అడిగే చోట, 48 + 27, 50 + 25 ఒకటేనా, కూడకుండా చెప్పండి అని అడగవచ్చు. ఇటు నుంచి రెండు తీసి అటు కలిపారు, అంతే కదా అని ఒకరు అంటారు. మరి తీసివేతలో కూడా అలాగే చేయవచ్చా? 48 – 27, 50 – 25 ఒకటేనా? ఇక్కడ తరగతిలో కొట్లాట మొదలవుతుంది. ఆ కొట్లాట పది నిమిషాలు సాగితే, ఒక పేజీ నిండా తీసివేతలు చేయించిన దానికంటే ఎక్కువ తీసివేత వస్తుంది.

సరి, బేసి పాఠం కూడా అంతే. బేసికి బేసి కలిపితే సరి వస్తుందని పుస్తకంలో ఉంటుంది. పిల్లలు నాలుగు ఉదాహరణలు చూసి ఒప్పుకుంటారు. ‘ఎప్పుడైనా అంతేనా?’ అని ఒక్క మాట అడిగితే కథ మారుతుంది. వెయ్యి దాటాక? లక్ష దాటాక? రెండో తరగతి పిల్లలను జంటలుగా నిలబెట్టండి. బేసి గుంపులో ఒకరు ఒంటరిగా మిగులుతారు. ఇంకో బేసి గుంపులోనూ ఒకరు మిగులుతారు. ఆ ఇద్దరూ చేతులు కలిపితే మిగిలేవాళ్లెవరూ లేరు. గుంపు ఎంత పెద్దదైనా మిగిలేది ఒక్కరే కాబట్టి ఎప్పుడైనా అంతే. ఏడేళ్ల పిల్ల చేసిన ఈ వాదన పూర్తి రుజువు.

అమరికలంటే బొమ్మకు ఎరుపు, నీలం, ఎరుపు, నీలం రంగులేయించడం అనుకునే పుస్తకాలు, ప్రైవేటు బడుల వర్క్‌బుక్కులు బజార్లో కొల్లలు. తర్వాత ఏ రంగు అని అడిగి ఊరుకుంటే అది రంగులు వేసే పని. ఇరవై ఏడో గడిలో ఏ రంగు, లెక్కపెట్టకుండా చెప్పు అంటే గాని బుర్ర కదలదు. ఇంకో వైపు నవోదయ, గురుకులాల ప్రవేశ పరీక్షల కోచింగు. వట్టెం నవోదయలో సీటు కోసం ఉమ్మడి జిల్లా పల్లెల్లో ఎందరో పిల్లలు నాలుగో తరగతి నుంచే వరసలు పూరించడం బట్టీ పడతారు. వాళ్ల ఆశను తప్పు పట్టలేం. ఆ సీటు ఒక ఇంటి రాత మార్చగలదు. కాని నాలుగు అంకెలు చూసి అయిదోది టక్కున చెప్పే అలవాటు ఒక్కటే మిగిలితే ప్రమాదం కూడా ఉంది. ఒక వలయం మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా చుక్కలన్నిటితో గీతలు గీసి కలపండి. మూడు గీతలు ఒకే చోట ఖండించుకోకుండా చూసుకోండి. వలయం ఎన్ని ముక్కలైంది? రెండు చుక్కలకు 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరింటికి? కోచింగు పిల్లలంతా 32 అంటారు. గీసి చూస్తే 31. వరస కనపడటం ఒకటి, అది ఎందుకు నిలుస్తుందో తెలియడం ఇంకొకటి. ఈ రెండోది ఏ గైడు పుస్తకంలోనూ అమ్మడం లేదు.

ఈ దారిలో ముందు నడిచిన మనిషి ఒకరు తమిళనాడులో ఉండేవారు. చెన్నైకి చెందిన గణితోపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్ ఇంట్లో దొరికే వస్తువులతో లెక్కలు చెప్పడానికి జీవితం ధారపోశారు. గోడ క్యాలెండరును పట్టుకుని ఒక చిన్న పుస్తకమే రాశారు. మన ఇళ్లలో క్యాలెండరు లేని గోడ ఉండదు. అందులో ఏ నాలుగు తేదీల చదరాన్నయినా చుట్టండి. ఎదురెదురు మూలలు కలిపితే రెండు మొత్తాలూ ఒకటే. ఎందుకు? కింది గడి అంటే వారం, ఏడు ఎక్కువ. పక్క గడి అంటే ఒకటి ఎక్కువ. మూలకు పోతే ఎనిమిది. ఒక పక్క ఏమీ లేనిదీ ఎనిమిదీ; ఇంకో పక్క ఒకటీ ఏడూ. తొమ్మిది తేదీల చదరమైతే మొత్తం నడిమి తేదీకి తొమ్మిది రెట్లు. పైసా ఖర్చు లేదు. ఏ నెల పేజీ అయినా సరిపోతుంది, పాత సంవత్సరానిదైనా సరే.

2022–23 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. లెక్కల పాఠంలో ఈ ఏర్పాటును ఇంకాస్త ధైర్యంగా వాడుకోవాలి. పిల్ల తాను కనిపెట్టిన నియమాన్ని మొదట తన ఇంటి మాటలో చెప్పనివ్వాలి. ‘ఒక్కోపారి ఆరు పెరుగుతయి, ఆ ఆరు గూడ పెరుగుతయి’ అని సందు చుక్కల గురించి ఒక పిల్ల అంటే, ‘సరిగ్గా మాట్లాడు’ అని ఆపడం పాపం. అందులో గణితం మొత్తం ఉంది. పుస్తకం మాట ఆ తర్వాత పరిచయం చేయవచ్చు. అప్పటికి చెప్పడానికి ఏదో ఉంటుంది కాబట్టి మాట వెంటనే అతుక్కుంటుంది.

ఇందులో ప్రభుత్వం చేయగలిగింది కొంచెమే, కాని అది చేయాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఉపాధ్యాయులు కూడుతూనే ఉన్నారు. అందులో సగం సమయం ఉత్తర్వులు చదవడానికే పోతుంది. ఒక సమావేశంలో ఒక్క అరగంట, ఉపాధ్యాయులే ఒక ముగ్గు వేసి ఎన్ని తీర్లుగా లెక్కపెట్టవచ్చో వాదించుకోవచ్చు. మగ సార్లకు చుక్కలు పెట్టడం రాకపోతే పక్కనున్న టీచరమ్మలు నేర్పుతారు. ఆ తర్వాత పరీక్ష పేపరు. జవాబుకే మార్కులున్నంత కాలం తరగతిలో జవాబే రాజ్యమేలుతుంది. అయిదో తరగతి లెక్కల పేపరులో ఒక్క ప్రశ్న మార్చి చూడవచ్చు: 48 + 27 = 50 + 25. ఇది సరైనదా, కూడకుండా ఎలా చెప్పగలవు? దానికి అయిదు మార్కులు పెట్టండి. సరైనదే అన్నందుకు ఒకటి, ఎందుకో చెప్పినందుకు నాలుగు.